పనికి ముందు ఫోటో

కాలువ గట్టు మీద కొడవలి వెయ్యడానికి ముందు ఒక ఫోటో తీయాలి. పని అయ్యాక అదే రాయి దగ్గర నిలబడి ఇంకో ఫోటో తీయాలి. ఆఫీసువాళ్ళు ఫోనులో పెట్టిచ్చిన యాప్‌లో రెండు గళ్ళుంటాయి. ఒకటి ‘పనికి ముందు’, రెండోది ‘పని తర్వాత’. మొదటి గడిలో పిచ్చిమొక్కలు కనపడాలి, రెండో గడిలో మట్టి కనపడాలి. అంతకు మించి ఆఫీసుకి అక్కర్లేదు.

చిన్నక్కకి మాత్రం ఆ మొదటి ఫోటో ఓ పట్టాన తెమిలేది కాదు.

ఆ సోమవారం పొద్దున కూడా ఆమె పాత పంపుషెడ్డు కంచె ముందు గొంతుక్కూర్చుని ఉంది. తుప్పుపట్టిన కంచె కనపడకుండా తీగ అల్లుకుంది. దాని పూలు తెల్లగా, అంచున ఊదారంగు నూలు కుచ్చులు కుట్టినట్టు ఉన్నాయి. పక్కనే కాయ, చుట్టూ పచ్చటి సన్నని జాలీ. ఆమె తలగుడ్డ లోపలి మడతతో ఫోను కన్ను తుడిచింది. ఎడమ చేత్తో ఒక ఆకుని పువ్వు వెనక్కి మళ్ళించి పట్టుకుంది. గాలికి తీగ ఊగింది. ఊపిరి బిగబట్టి గాలి ఆగేదాకా చూసింది.

“తీగకి పాస్‌పోర్టు తీస్తున్నావా ఏంటి చిన్నక్కా?” అంది వెనక నుంచి రేడియో.

ఆమె అసలు పేరు వేరే. నోరు తెరిస్తే మళ్ళీ మూయించే మీట లేదని గుంపులో ఆడవాళ్ళంతా అలా పిలుస్తారు. గుంపులో ఆరుగురు. మేస్త్రి చిన్నక్క.

“గాలొస్తోంది, ఉండు.”

“గాలి ఆగేదాకా నువ్వుంటే ఎండొచ్చి నెత్తిన కూర్చుంటుంది. ఎలాగూ కోసి పారేసేదే కదా, దానికింత సింగారమా?”

“కోసేదే కాబట్టి.”

ఫోటో పడింది. చిన్నక్క దాన్ని యాప్‌లో మొదటి గడిలోకి పంపింది. తర్వాత నడుముకి చుట్టిన తడిగుడ్డలోంచి కొడవలి తీసి, తీగ మొదలు వెతికి, ఒక్క లాగు లాగింది. మొదలు తెగిన చోట తీగ చిటుక్కుమంది. ఇద్దరు అటూ ఇద్దరు ఇటూ పట్టుకుని కంచె మీది నుంచి లాగుతుంటే పాత గుడ్డ చిరిగిన చప్పుడొచ్చింది. కిందపడ్డ తీగని చాప చుట్టినట్టు చుట్టుకుంటూ పోయారు. మధ్యాహ్నానికి కంచె మీద తుప్పు, కింద మట్టి మిగిలాయి. చిన్నక్క రాయి దగ్గర నిలబడి రెండో ఫోటో తీసింది. దానికి ఊపిరి బిగబట్టాల్సిన పని లేదు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి పెద్దక్క కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఉంది. వెనక గోడవారగా కుట్టుమిషను, దాని మీద దుప్పటి. చేతులు లాగేస్తున్నాయని పెద్దక్క కుట్టుపని మానేసి రెండేళ్ళయింది. కాళ్ళు కడుక్కుని రాగానే చిన్నక్క స్టూలు లాక్కుని ఆమె పక్కన కూర్చుని ఫోను చేతికిచ్చింది. రోజూ ఉండే తంతే ఇది. చూపించడం అయ్యాక ఆ రోజు ఫోటోలు చెరిపేస్తుంది. లేకపోతే మర్నాటికి ఫోనులో చోటుండదు.

పెద్దక్క ఫోనుని ముఖానికి దగ్గరగా పెట్టుకుంది. “ముందు రంగు చెప్పవే. నీ ఫోనువన్నీ బడాయి రంగులు.”

“తెలుపు. అంచున ఊదా కుచ్చులు. కాయకి జాలీ ఉంది.”

“దోమతెర! అవునా, కాదా?” అంది పెద్దక్క వెంటనే. “పండుకి దోమలు కుట్టకుండా దేవుడు తెర కట్టాడని చెప్పానుగా నీకు. నువ్వేమో ప్రతి కాయా చించి లోపల దోముందేమోనని చూసేదానివి.”

“ఒక దాంట్లో ఉంది కూడా.”

“అది చీమ.”

“దోమే.”

ఇద్దరూ నవ్వుకున్నారు. వాళ్ళ నాన్న ఇదే కాలువ మీద గేట్లు తిప్పేవాడు. బువ్వ క్యారేజీ పట్టుకుని గట్టు వెంట నడిచేటప్పుడు ఏడేళ్ళు పెద్దదైన అక్క ప్రతి తీగకీ ఒక పేరు పెట్టేది. బడి గంట కొట్టేలోపు విప్పారి, మధ్యాహ్నం బెల్లుకి ముడుచుకునేది బడిగంట. కాయ నొక్కితే పేలేది ఠప్పుతీగ. చూడ్డానికి అందంగా ఉండి ముట్టుకుంటే ఒళ్ళంతా దురద పుట్టించేది అత్తగారు. ఆ పేర్లు అక్క కల్పించినవేనని, పెద్దవాళ్ళెవరూ అలా పిలవరని చిన్నక్కకి బడిలో చేరాక గానీ తెలియలేదు. అప్పటికే బడిలో సగంమంది పిల్లలు ఆ పేర్లే పలుకుతున్నారు.

బుధవారం కొత్త చేతితొడుగులు ఇస్తున్నారంటే చిన్నక్క సెక్షను ఆఫీసుకి వెళ్ళింది. సంతకం పెట్టి, ఆరు జతలు సంచిలో వేసుకుని, వరండాలోకి వచ్చి ఆగిపోయింది.

ఎదురుగా గోడకి తలుపు రెక్కంత ఫోటో వేలాడుతోంది. తూము గేటు ఇనప చక్రం, దాని ఊచల మధ్య నుంచి పాకిన తీగ, చక్రం నడుమ మెత్తని ఊదారంగు పువ్వు. పూరేకు మీద నీటిబొట్టు. అందులో తలకిందులుగా ఆకాశం. ఆరు నెలల కిందట ఆ బొట్టు కోసం ఆమె బురదలో మోకాళ్ళ మీద కూర్చుంది. ఫోటో అంచున పసుపుపచ్చ గుడ్డ మసగ్గా కనిపిస్తోంది. అది రేడియో తలగుడ్డ.

ఫ్రేము కింద అచ్చువేసిన చీటీ ఉంది. ‘శాఖ ఫోటో పోటీ, ప్రథమ బహుమతి’. ఆ కింద వాళ్ళ పని కొలిచే ఇన్‌స్పెక్టరు పేరు.

“బాగుంది కదూ?” అన్నాడు బల్ల దగ్గర కూర్చున్న అటెండరు. “మన ఇన్‌స్పెక్టరు గారిలో ఇంత కళ ఉందని ఎవరికి తెలుసు!”

“ఇది నేను తీసింది,” అంది చిన్నక్క.

అటెండరు ఆమె వైపు, ఆమె చేతిలోని సంచి వైపు చూసి, సరదాకి అందనుకుని నవ్వాడు. “అలాగైతే ఆ చక్రం నేను తిప్పాను.”

ఆమె సంచి భుజాన వేసుకుంది. గట్టు దాకా నడిచి, తొడుగులు పంచి, మధ్యలో ఒక జత తక్కువైందని మళ్ళీ లెక్కపెట్టి, అది తన చేతికే ఉందని చూసుకుంది. అప్పుడు చెప్పింది.

రేడియో కొడవలి కింద పడేసింది. “తలగుడ్డ నాది, ఫోటో నీది, పేరు ఆయనదా? అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుంది! నువ్వు నోరు మూసుకుని వచ్చేశావా?”

“మూసుకోలేదు. చెప్పాను. నవ్వాడు.”

“నవ్వాడా! నేనుంటేనా...”

“నువ్వుంటే ఆఫీసు మూయించేవాళ్ళు. పని చూడు.”

కానీ ఆ మధ్యాహ్నం పని చిన్నక్కకే సాగలేదు. మాటిమాటికీ కొడవలి నూరింది. నూరిన కొడవలినే మళ్ళీ నూరింది. ఆ సాయంత్రం అక్కకి ఫోటోలు చూపించింది గానీ ఈ సంగతి చెప్పలేదు. పెద్దక్క రెండుసార్లు అడిగింది, “గొంతేంటే అలా ఉంది?” అని.

గురువారం ఇన్‌స్పెక్టరు మోటారు సైకిలు మీద గట్టుకి వచ్చాడు. నలభై దాటిన మనిషి. ఆడవాళ్ళని ఏకవచనంలో పిలవడు, పని తక్కువైనా కేక వెయ్యడు. టేపు పట్టి కోసిన మేర కొలుస్తుంటే చిన్నక్క రెండో కొస పట్టుకుంది.

“సార్, ఆఫీసులో తూము ఫోటో చూశాను.”

ఆయన టేపు మీది నుంచి తలెత్తలేదు. టేపు మాత్రం సడలి నేలకి ఆనింది.

“పోటీకి ఫోటోలు పంపమని కాగితం వచ్చింది చిన్నక్కా. అదే చివరి రోజు. యాప్ లాగిన్ నాది కదా, అందులో మీరు పంపినవాటిలోంచి ఒకటి పంపాను. పేరు దానంతటదే పడిపోయింది.”

“తర్వాత దిద్దొచ్చు కదా సార్?”

“బహుమతి వస్తుందని కల్లో కూడా అనుకోలేదు. వచ్చాక పెద్దసారు అందరి ముందూ పిలిచి భుజం తట్టారు. పదహారేళ్ళ సర్వీసులో నన్ను మెచ్చుకోవడం అదే మొదటిసారి.” ఆయన టేపు చుట్టడం మొదలుపెట్టాడు. సగంలో మెలిపడితే విప్పి మళ్ళీ చుట్టాడు. “అప్పుడు చెప్పాల్సింది. నోరు పెగల్లేదు. రోజు గడిచేకొద్దీ ఇంకా కష్టమైపోయింది. తప్పే. మీకేం కావాలో చెప్పండి, నాకు చేతనైంది చేస్తాను.”

తిట్టడానికి రాత్రంతా కూడగట్టుకున్న మాటలు చిన్నక్క నోట్లోనే ఉండిపోయాయి. అడ్డంగా బుకాయించే మనిషితో దెబ్బలాడొచ్చు. తల వంచుకున్నవాడితో ఏం చేస్తాం?

“ఆలోచించుకుని చెప్తాను,” అంది.

ఆయన వెళ్ళాక రేడియో ఆమె మోచేతి మీద గిల్లింది. “పేరడగవే, మొద్దూ! పేరు!”

ఆ సాయంత్రం దాచుకోలేక అక్కకి అంతా చెప్పేసింది. పెద్దక్కకి ముక్కు మీద కోపం. భగ్గుమంటుందని అనుకుంది. పెద్దక్క కోప్పడలేదు.

“ఎంత పెద్దదన్నావు?” అని అడిగింది.

“ఏది?”

“ఫోటో.”

“తలుపు రెక్కంత. పువ్వే పళ్ళెమంత ఉంది.”

పెద్దక్క కాసేపు చీర అంచు వేళ్ళతో తడుముతూ కూర్చుంది. కుట్టు సరిగ్గా పడిందో లేదో చూసుకునేటప్పుడు వెనకటికి అలాగే తడిమేది. “రేపు నన్నోసారి అక్కడికి తీసుకెళ్తావా?”

శుక్రవారం చిన్నక్క మధ్యాహ్నం దాకా పనిచేసి, మిగతా పూటకి రేడియోని మేస్త్రిగా నిలబెట్టి ఇంటికొచ్చింది. ఆఫీసు మూడు వీధుల అవతల ఉంది. అక్కతో వీధిలో నడిచి ఎన్నాళ్ళయిందో ఆమెకి గుర్తులేదు. పెద్దక్క ఆమె భుజం పట్టుకుని నడిచింది. కాలిబాట అంచు వచ్చినప్పుడల్లా ముందు కాలి వేళ్ళతో నేలని వెతికి, ఆ తర్వాతే అడుగు దించింది. మొదటి వీధిలో చిన్నక్క అది మోకాళ్ళ నొప్పి అనుకుంది. మూడో వీధిలో, దారికి అడ్డంగా నిలబెట్టిన సైకిలు మీదికే అక్క నేరుగా వెళ్తుంటే చప్పున పక్కకి లాగింది. 

వరండాలో పెద్దక్క ఫ్రేముకి దగ్గరగా వెళ్ళింది. ఇంకా దగ్గరగా జరిగింది. ముక్కు అద్దానికి తగిలేంత దగ్గరగా నిలబడి, ముఖాన్ని ఎడమ నుంచి కుడికి మెల్లగా జరుపుకుంటూ పోయింది. ఒక వరస అయ్యాక కాస్త కిందికి వంగి మళ్ళీ ఎడమ నుంచి మొదలుపెట్టింది. ఆమె ఊపిరికి అద్దం మీద మసక పడింది. కొంగుతో తుడిచి మళ్ళీ చూసింది. బల్ల దగ్గర అటెండరు లేచి నిలబడ్డాడు.

“ఇది బడిగంట కాదే,” అంది పెద్దక్క.

“నువ్వే కదా ఆ రోజు బడిగంటన్నావు?”

“అన్నాను. నువ్వు ఊదా పువ్వు, గంటలా ఉందన్నావు కాబట్టి అన్నాను. ఆకు సంగతి చెప్పలేదుగా! చూడు. బడిగంట ఆకు తమలపాకులా ఉంటుంది. దీనికి అయిదు వేళ్ళున్నాయి. గాలొస్తే చెయ్యి ఊపుతుంది. ఇది టాటాతీగ.” ఆమె వేలు అద్దం మీద ఆకు వెంట నడిచింది. “మనం బడికి పోతుంటే టాటా చెప్పేది. మర్చిపోయావా?”

చిన్నక్క మర్చిపోయింది. కానీ ఆ క్షణంలో ఆమెకి తోచింది అది కాదు.

“అక్కా. నీకు ఫోనులో ఏమీ కనపడదా?”

పెద్దక్క అద్దం మీది నుంచి వేలు తీసింది. “వెలుగు కనపడుతుంది. నడిమధ్య మసక. పెద్ద వస్తువైతే, దగ్గరగా పెట్టుకుంటే, ముక్కలు ముక్కలుగా పోల్చుకుంటాను.”

“ఎన్నాళ్ళ నుంచి?”

“మిషను మీద దుప్పటి కప్పినప్పటి నుంచి. పక్కింటావిడతో డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చానులే. కంటి వెనక పొర అరిగిపోయిందట, ఆపరేషన్‌కి లొంగేది కాదన్నాడు. నీకు చెప్తే ఏం చేస్తావు? ఏడుస్తావు. లేదా ఫోటోలు చూపించడం మానేస్తావు.” పెద్దక్క గొంతు తగ్గించింది. “పొద్దున్నుంచి ఒక్కదాన్నే కూర్చుంటానా, సాయంత్రం నువ్వొచ్చి తెలుపంటావు, ఊదా అంటావు, జాలీ ఉందంటావు. నువ్వు చెప్తుంటే నాకు గట్టంతా కనపడేది.”

చిన్నక్క గోడ వైపు తిరిగింది. రెండేళ్ళుగా అక్క చేతికి తాను అందించింది ఒక వెలుగుముక్కని మాత్రమే. పేరు చెప్పాక “అవునా, కాదా” అని అక్క ఎందుకు అడిగేదో ఇప్పుడు తెలిసింది. గొప్పకి అడుగుతోందనుకునేది.

ఇన్‌స్పెక్టరు తన గదిలోంచి వస్తూ ఇద్దరినీ చూసి ఆగాడు. పెద్దక్క అడుగుల చప్పుడు వైపు ముఖం తిప్పింది. “ఎవరు నాయనా, ఈ ఫోటో కింద పేరుగలాయనేనా?”

“పేరు మాత్రమే నాదమ్మా,” అన్నాడాయన. అటెండరు వింటున్నాడని చూసుకుని, గొంతు తగ్గించకుండానే అన్నాడు, “తీసింది మీ చెల్లెలు.”

అటెండరు చిన్నక్క వైపు చూసి, బల్ల మీద కాగితాలు సర్దడం మొదలుపెట్టాడు.

“నాకేం కావాలో చెప్పమన్నారు కదా సార్,” అంది చిన్నక్క. “చెప్తాను. ఆ చీటీ మార్పించండి. అదొకటి. ఇంకోటి, రెండేళ్ళ ఫోటోలూ మీ లాగిన్‌లోనే ఉన్నాయి. నా ఫోనులో ఒక్కటీ లేదు. మీ కంప్యూటరు పెద్దది. మా అక్కకి చూపించండి.”

“చీటీకి పెద్దసారు సంతకం కావాలి. ఇవాళే కాగితం పెడతాను. ఆయనేమంటారో నాకు తెలీదు,” అన్నాడు ఇన్‌స్పెక్టరు. “రెండోది నా చేతిలో పనే. రండి.”

పెద్దక్క కోసం ఆయన తన కుర్చీని తెరకి అతుక్కుపోయేలా జరిపాడు. తాను పక్కన నిలబడి మౌసు పట్టుకున్నాడు. తెర మీద గళ్ళు తెరుచుకున్నాయి. ఎడమ వైపు ‘పనికి ముందు’, కుడి వైపు ‘పని తర్వాత’. ఎడమ గడిలో నీలిపువ్వు వచ్చింది.

“నీలిచెవి,” అంది పెద్దక్క తెరకి ముఖం ఆనించి. “చెవి తమ్మె చూడు, ఎంత లేతగా ఉందో! తర్వాతది పెట్టు నాయనా. ఠప్పుతీగ. ఇది... ఇంకాస్త పెద్దగా చెయ్యి... అమ్మో, అత్తగారు! దీని దగ్గరికి ఎలా వెళ్ళావే?”

“తొడుగులేసుకుని.”

“అత్తగారి దగ్గరికి అలాగే వెళ్ళాలి.”

ఇన్‌స్పెక్టరు నవ్వాడు. పది ఫోటోల తర్వాత ఆయన మధ్యమధ్యలో ఆగి, ‘రిమార్కులు’ అన్న ఖాళీలో ఆమె చెప్పిన పేరు కొట్టడం మొదలుపెట్టాడు. యాప్ వచ్చినప్పటి నుంచి ఆ ఖాళీని ఎవరూ నింపగా తాను చూడలేదన్నాడు. ‘ఠప్పు’కి ఒత్తు ఉందా అని అడిగాడు.

చాలాసేపటికి పెద్దక్క ముఖం తెర మీద కుడి వైపుకి జరిగింది. అక్కడే ఆగింది.

“ఈ పక్కనున్నదేంటి, అంతా బూడిదరంగుగా?”

“మట్టి,” అంది చిన్నక్క. “పని అయ్యాక తీసింది.”

“ఇదే చోటా?”

“ఇదే చోటు.”

పెద్దక్క ఎడమకి వచ్చింది, కుడికి వెళ్ళింది. వెనకటి ఫోటో పెట్టమంది, దాని వెనకటిది పెట్టమంది. ప్రతి పువ్వు పక్కనా మట్టే. “ఇన్నీ నువ్వే పీకావా?”

ఆ మాటలో నింద లేదు. అయినా చిన్నక్కకి వేళ్ళ మధ్య తీగ పాల జిగురు తగిలినట్టయి చేతులు ఒకదానికొకటి రుద్దుకుంది. “పీకాను. అది నా పని అక్కా. కోసేముందు ఒక్కసారి... చూసినవాళ్ళు ఒక్కరైనా ఉండాలి కదా అని తీసేదాన్ని.”

 ఇన్‌స్పెక్టరు ఏదో గుర్తొచ్చినట్టు మౌసు కదిపి, తేదీలు పట్టుకుని ముందుకి వచ్చాడు. “అమ్మా, ఇది చూడండి. మొదట చూశారే, ఆ నీలిపువ్వు చోటే. నాలుగు నెలల తర్వాతది.”

ఎడమ గడి నిండా మళ్ళీ నీలిచెవులు. మునుపటికంటే గుబురుగా ఉన్నాయి. కుడి వైపు మళ్ళీ మట్టి. ఆయన ఇంకో నాలుగు నెలలు ముందుకి జరిపాడు. మళ్ళీ పూలు.

పెద్దక్క కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని, పకపకా నవ్వింది. “చూశావా, రాలుగాయి పిండాలు! నువ్వు కోస్తావు, అవి వస్తాయి. నాన్న అనేవాడు గుర్తుందా, కాలువకి కాపలా మనం కాదమ్మా, ఈ తీగలే అని. ఇంకో పదిమంది మేస్త్రులొచ్చినా వీటి పని పట్టలేరు.” నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఆఫీసు మూసేవేళకి సగం కూడా అవలేదు. పెద్దక్క లేచేముందు ఇన్‌స్పెక్టరు, ఫోటో తీసినవారి గడిలో తన పేరు చెరిపి, చిన్నక్క అసలు పేరు అడిగి కొట్టాడు. పెద్దక్క తెరకి ముఖం ఆనించి ఒక్కొక్క అక్షరమే చదివింది. “మూడో అక్షరానికి దీర్ఘం ఉంది నాయనా. మా అమ్మ పెట్టిన దీర్ఘం. తియ్యకు.”

ఆయన దీర్ఘం పెట్టాడు.

సోమవారం పొద్దున గుంపు తూము దగ్గర పని మొదలుపెట్టాలి. కిందటిసారి కోసి ఆరు నెలలైంది. చక్రం కనపడకుండా టాటాతీగ మళ్ళీ కమ్ముకుంది. వందకి పైగా పూలు విప్పారి ఉన్నాయి. ట్రాలీ రిక్షాలోంచి పెద్దక్కని రేడియో, చిన్నక్క చెరో రెక్కా పట్టుకుని దించారు. పెద్దక్క గట్టు ఎక్కి, చేతులు చాచి, తీగ తగిలేదాకా నడిచింది. తగలగానే ముఖం అందులో పెట్టింది.

ఎవరూ కొడవలి తీయలేదు. ఆరుగురు ఆడవాళ్ళు తలగుడ్డలు బిగించుకుని వరసగా నిలబడ్డారు.  పెద్దక్క ఎడమ నుంచి కుడికి మెల్లగా జరుగుతోంది. ఒక పువ్వు దగ్గర ఆగుతోంది, ముక్కుతో ఆనుకుని చూస్తోంది, ఇంకోదానికి వెళ్తోంది. ఆమె జుట్టు నిండా తెల్లటి పుప్పొడి, బుగ్గ మీద మంచునీళ్ళు. చిన్నక్క ఎప్పటిలా రంగు చెప్పబోయింది.

“చెప్పకు,” అంది పెద్దక్క తల తిప్పకుండా.

చిన్నక్క ఫోను తీసింది. గాలి వీస్తోంది. అది ఆగేదాకా ఈసారి ఆమె చూడలేదు. తీగ, చక్రం, ఆకుల్లో సగం మునిగిన అక్క ముఖం, అన్నీ కదులుతుండగానే నొక్కి మొదటి గడిలోకి పంపేసింది.

పెద్దక్క చక్రం అవతలి కొసదాకా వెళ్ళింది. అక్కడ నిటారుగా నిలబడి, నడుం మీద చెయ్యి వేసుకుని, బుగ్గ తుడుచుకుంది.

“అయిందమ్మా,” అంది అందరి వైపూ తిరిగి. “ఇక కానివ్వండి. ఎండెక్కుతోంది.”